బొమ్మకు స్లీపింగ్ బ్యాగ్ అడిగితే బొంత వచ్చింది

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఉద్యోగస్తురాలు. ఇంట్లో భర్త, ఏడేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, అత్తగారు. మామగారు పోయాక అత్తగారు శ్రీకాకుళం జిల్లాలోని ఊరు వదిలి కొడుకు దగ్గరికి వచ్చేశారు. డిసెంబరులో వీళ్లు లంబసింగి వెళ్లారు. చలికి తట్టుకోలేనని అత్తగారు ఇంట్లోనే ఉండిపోయారు. అక్కడ టెంటులో స్లీపింగ్ బ్యాగులో దూరి, గడ్డం దాకా జిప్పు లాక్కుని పడుకోవడం పాపకు తెగ నచ్చేసింది. తిరిగొచ్చిన దగ్గర్నుంచి తన బొమ్మకు కూడా అలాంటిదే కుట్టిపెట్టమని తల్లి వెంట పడింది. "ఈ ఆదివారం, వచ్చే ఆదివారం" అంటూ ఈమె నాన్చుతూ వచ్చారు.

ఆ మాటలు విన్న అత్తగారు మధ్యాహ్నాలు కూర్చుని పాత చీరల ముక్కలతో ఓ బుల్లి బొంత కుట్టారు. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. అంచు చుట్టూ ఎర్రటి పట్టీ కూడా వేశారు. పాప బడి నుంచి రాగానే చేతికిచ్చారు. పాప దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది స్లీపింగ్ బ్యాగ్ కాదు, బొంత. జిప్పేది? నాకొద్దు" అనేసింది. అత్తగారు మారు మాట్లాడకుండా బొంత మడిచి తన పెట్టెలో పెట్టేసుకున్నారు. అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నారు. రెండ్రోజులకు ఆడపడుచు ఫోన్ చేసి, ఆ బొంత లోపలి పొరల్లో ఉన్నది నాన్న కట్టుకున్న పొందూరు ఖద్దరు పంచె అని, అమ్మ చేతి పనికి ఆ ఇంట్లో విలువ లేదని నిష్ఠూరమాడారు. "ఆన్‌లైన్‌లో ఒకటి ఆర్డర్ పెట్టి పారెయ్, దీనికింత గొడవ దేనికి" అంటారు భర్త. పాపేమో "నాన్నమ్మ నాతో కటీఫా?" అని అడుగుతోంది.

ఉత్తరం చివర్లో ఆమె ఇలా రాశారు: "పాప వద్దన్నప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. నేను ఎన్నేళ్లుగానో అనలేని మాట అది అనేసిందనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది. పాప చేత సారీ చెప్పించాలా? నేనే కూర్చుని కుట్టాలా? నాకు హెమ్మింగ్ తప్ప ఏమీ రాదు. కొనేస్తే సరిపోతుందా?"

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక సంగతి గమనించండి. మీ అత్తగారు లంబసింగి రాలేదు. స్లీపింగ్ బ్యాగును ఆవిడ జన్మలో చూసి ఉండకపోవచ్చు. పాప ఏదో పడుకునేది కావాలంటోంది, బొమ్మకు చలి వెయ్యకూడదంటోంది అన్నంత వరకే ఆవిడకు అర్థమై ఉంటుంది. చలికి ఏం కప్పాలో ఆవిడకు తెలుసు, దాన్ని తన చేత్తో కుట్టడమూ తెలుసు. అందుకే బొంత కుట్టారు. "ఏం కావాలే నీకు, ఎలా ఉంటుందది?" అని ఆవిడ పాపను అడగలేదు. ఇదుగో ఇలా ఉంటుందని లంబసింగిలో తీసిన ఫోటో ఒకటి మీ ఇంట్లో ఎవరూ ఆవిడకు చూపించనూ లేదు.

మీ పాప వైపు నుంచి చూడండి. అది బొంత బాగోలేదని అనలేదు. తానడిగింది ఇది కాదంది. ఏడేళ్ల పిల్లకు తానడిగిన వస్తువు కళ్ల ముందు బొమ్మ కట్టినట్టు ఉంటుంది. జిప్పు చప్పుడు, లోపలికి దూరేటప్పటి జారుడు, పొద్దున్నే దాన్ని చుట్టి సంచిలో కుక్కడం, ఇవన్నీ కలిస్తేనే దానికి స్లీపింగ్ బ్యాగ్. చెప్పిన తీరు మొరటుగా ఉంది, అది నేర్పాల్సిందే. చెప్పిన విషయంలో మాత్రం తప్పు లేదు.

ఇప్పుడు మీకు కాస్త ఊరటనిచ్చే మాట చెబుతాను. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగిన సందర్భాలున్నాయి. అంత చలిలో మీ పాపను కాపాడింది ఆ బ్యాగు లోపలున్న మెత్తటి ఫైబరు, దాని మధ్య కదలకుండా నిలిచిన గాలి. బొంత చేసేదీ అదే పని. పొరలు పొరలుగా పేర్చిన పాతబట్టల మధ్య గాలి నిలుస్తుంది. పొరలు జారిపోకుండా, ఒక చోట ఉండలు కట్టకుండా ఆ దగ్గర దగ్గర దారపు వరసలు పట్టి ఉంచుతాయి. స్లీపింగ్ బ్యాగు మీద గళ్లుగళ్లుగా కనిపించే కుట్లు కూడా అందుకే. బొంతను మడిచి, ఒక పక్క మూసేసి, రెండో పక్క జిప్పు పెడితే స్లీపింగ్ బ్యాగ్ అయినట్టే. మీ అత్తగారు పనిలో ముప్పాతిక వంతు ఎప్పుడో చేసేశారు.

అందుకని ఆ బొంతను పెట్టెలోంచి తీసి జిప్పు కుట్టేయండని నేను చెప్పను. అది ఆవిడ వస్తువు. ఒకసారి ఇచ్చారు, వద్దనిపించుకుని వెనక్కి తీసుకున్నారు. ఆవిడ తనంతట తాను తీస్తేనే అది బయటికి రావాలి.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. పాప వద్దంది, అత్తయ్య మడిచి పెట్టెలో పెట్టుకున్నారు అని రాశారు. ఆ రెంటి మధ్య మీరేమన్నారో రాయలేదు. బహుశా ఏమీ అనలేదు. మనవరాలి మాటను పెద్దవాళ్లు సాయంత్రానికి మర్చిపోగలరు. పక్కనే నిలబడ్డ కోడలు ఒక్క మాటైనా అనకపోవడం అంత తేలిగ్గా మరుపుకు రాదు. ఆవిడ మనసులో ఉన్నది ఇదేనని నేను ఖాయంగా అనలేను. కానీ మీరు మొదలుపెట్టాల్సిన చోటు ఇదేనని నా నమ్మకం.

ఆ క్షణంలో మీకు కలిగిన హాయి గురించి కూడా రాశారు. దానికి అసహ్యించుకోకండి. పాప టిఫిన్ బాక్సు, జడ, బాబు స్నానం ఇవన్నీ మీరు అడక్కుండానే ఆవిడ చేసేస్తారని, మీ ఇంట్లో మీకే చోటు లేనట్టు ఉంటుందని ఉత్తరం మధ్యలో రాశారు. ఏళ్ల తరబడి "వద్దత్తయ్యా, నేను చేసుకుంటాను" అనలేకపోయిన మనిషికి, ఇంకొకరి నోట ఆ మాట వింటే గుండె తేలికపడుతుంది. అది దుర్బుద్ధి కాదు. కానీ మీరు చెప్పుకోవాల్సిన మాటను ఏడేళ్ల పిల్ల మోయకూడదు. అలాగే వదిలేస్తే, నాన్నమ్మ చేసింది వద్దంటే అమ్మకు నచ్చుతుందని పాప పసిగడుతుంది. పిల్లలు ఇలాంటివి చాలా త్వరగా పట్టేస్తారు. నాకు భయం ఆ ఒక్క విషయంలోనే.

ఇక మీరడిగిన దారులు.

పాప చేత సారీ చెప్పించడం. చెప్పిస్తే చెబుతుంది. పద్యం అప్పజెప్పినట్టు చెబుతుంది, చెప్పించింది మీరేనని ఆవిడకు తెలిసిపోతుంది. పైగా నచ్చని వస్తువు నచ్చలేదనడమే తప్పని పాపకు అనిపిస్తుంది. దానికి బదులు, వద్దనడం ఎలాగో నేర్పండి. "బాగుంది నాన్నమ్మా. నాకు జిప్పు ఉన్నది కావాలి, అది కూడా పెడతావా?" అంటే చాలు. ఒకటి రెండుసార్లు ఆటలోనే బొమ్మ చేత అనిపించండి, దానంతట అదే నాలుక మీదికి వస్తుంది. కటీఫా అని అడిగింది కదా, "కాదు, నీ మాటకు నాన్నమ్మకు బాధేసింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మీవారన్నట్టు కొనేయడం. ఇందులో పరువు తక్కువేమీ లేదు. ఉద్యోగం, ఏడాదిన్నర పిల్లాడు ఉన్న ఇంట్లో బొమ్మ బట్టలు కూర్చుని కుట్టనందుకు ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టకూడదు. పాప సంబరపడుతుంది. కానీ పార్సిల్ విప్పుతున్నప్పుడు మీ అత్తగారు అదే గదిలో ఉంటారు. పెట్టెలో ఉన్న బొంత సంగతి ఇక ఎప్పటికీ ఎత్తలేని సంగతి అయిపోతుంది. కొనాలనుకుంటే ముందు ఆవిడతో మాట్లాడి, ఆ తర్వాత కొనండి.

మీరే కూర్చుని కుట్టడం. యూట్యూబ్ చూసి కుట్టగలరు, అంత కష్టమేమీ కాదు. కానీ ఈ సమయంలో మీరు ఒంటరిగా కుడితే, "నువ్వు చేసింది పనికిరాలేదు, చూడు నేనెలా కుట్టానో" అన్నట్టు ఉంటుంది. మీ ఉద్దేశం అది కాకపోయినా సరే. వీధి చివర టైలరుకు ఇచ్చినా దాదాపు అంతే. పైగా ఇంత చిన్న పనికి టైలర్లు సాధారణంగా ఒప్పుకోరు.

నేను మొగ్గేది నాలుగో దారికి. పెట్టెలోని బొంతే స్లీపింగ్ బ్యాగ్ కావడం, అదీ ఆవిడ చేత్తో, పాప పక్కన కూర్చుని సాయం చేస్తుండగా. ఇందుకు ముందు మీరు ఆవిడతో మాట్లాడాలి. బాబు నిద్రపోయాక, మీవారు లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు. "అత్తయ్యా, పాప నన్నడిగిన పని నేను నాన్చాను. మీరు కూర్చుని కుట్టారు. అది అలా అన్నప్పుడు నేను నోరు తెరవలేదు, నాది తప్పు. లోపల మామయ్యగారి పంచె ఉందని కూడా నాకు తెలియదు." ఇంతవరకే. ఆ వెంటనే జిప్పు సంగతి ఎత్తకండి. ఎత్తితే, పని చేయించుకోవడానికి ఈ మాటలన్నీ చెప్పారనిపిస్తుంది. ఒకటి రెండు రోజులు పోనిచ్చి, లంబసింగి ఫోటోలు పాప చేతికిచ్చి నాన్నమ్మ దగ్గరికి పంపండి. అందులోకి ఎలా దూరుతారో, దాన్ని ఎలా చుడతారో పాప పడుకుని చూపిస్తుంది. అడగాల్సిన మాట కూడా పాపనే అడగనివ్వండి.

ఆవిడ సరేనంటే, పని ఎలా ఉంటుందో చెబుతాను. మీరు ఫోటోలో పంపిన బొమ్మ పదకొండున్నర అంగుళాల రకం. బొంత జానెడు వెడల్పు, మూరెడు పొడవు అన్నారు కాబట్టి సుమారు 9 అంగుళాలు, 18 అంగుళాలు. ఎక్కడా కత్తెర పెట్టక్కర్లేదు. కింది నుంచి పైకి మడవండి. ముందు భాగం 7 అంగుళాలు, వెనక భాగం 11 అంగుళాలు వచ్చేలా మడిస్తే బొమ్మ ఛాతీ దాకా కప్పుకుంటుంది, తల వెనక భాగం మీద ఆనుతుంది. లేదు, లంబసింగిలోలాగే పైదాకా రావాలని పాప పట్టుబడితే ముందు ఎనిమిదిన్నర, వెనక తొమ్మిదిన్నర పెట్టండి. అప్పుడు భుజాల దాకా వస్తుంది కానీ తల బయటికి పోతుంది, చిన్న దిండొకటి కుట్టాల్సి వస్తుంది. ఏది కావాలో బొమ్మను పడుకోబెట్టి పాపనే తేల్చుకోమనండి. వెడల్పు ఒక బొమ్మకు కాస్త ఎక్కువే, దూర్చడం తీయడం పిల్లలకు సులువవుతుంది.

జాగ్రత్త పడాల్సింది జిప్పు దగ్గర. పొందూరు ఖద్దరు నూలు ఎంత సన్ననిదో మీకు తెలిసే ఉంటుంది. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి వడికే నూలు అది. కొత్తలోనే అంత పల్చన, ఏళ్లు కట్టి ఉతికిన పంచె అయితే చెప్పనే అక్కర్లేదు. పాత చీరల ముక్కలూ అంతే. ఆ బట్టకు జిప్పు నేరుగా కుడితే నాలుగు రోజులు లాగేసరికి కుట్టు వెంబడి చిరిగిపోతుంది. అందుకని జిప్పు వచ్చే రెండు అంచులకూ ముందు గట్టి కొత్త కాటన్ పట్టీ, అంగుళం వెడల్పుది, లోపలి వైపు నుంచి కుట్టాలి. సూది ఆ పట్టీని, జిప్పును, ఆవిడ వేసిన ఎర్ర అంచును కలిపి పట్టుకోవాలి. లాగినప్పుడు బరువు కొత్త బట్ట మీద పడుతుంది, పాత బట్ట మీద పడదు.

జిప్పు నైలాన్‌ది తీసుకోండి, లోహపు పళ్లున్నది వద్దు. ఎనిమిది అంగుళాలది దొరికితే సరిపోతుంది. పొడవెక్కువైతే కావలసిన చోట పళ్ల మీదుగా దారంతో ఏడెనిమిది చుట్లు గట్టిగా వేసి, దాని కింద కత్తిరించేయొచ్చు. జిప్పు విడిపోకుండా ఎప్పుడూ మూసి ఉండే కొస మడత దగ్గర, కింద ఉండాలి. రెండో పక్క మూసేయక ముందే, బొంత పరిచి ఉండగానే జిప్పు ఒక వైపు కుట్టేసి, తర్వాత మడిచి రెండో వైపు కుట్టండి. ముందే మూసేస్తే చెయ్యి లోపలికి పోదు. జిప్పు వెనకాల లోపలి వైపు సన్నటి గుడ్డ పట్టీ ఒకటి వదిలితే బొమ్మ జుట్టు పళ్లలో ఇరుక్కోదు. వెల్క్రో సులువు కదా అని ఎవరైనా చెబుతారు, వినకండి. దాని గరుకు వైపు బొమ్మ జుట్టును పీకి పీకి పీచు చేసేస్తుంది. ఇంట్లో ఏడాదిన్నర బాబున్నాడు కాబట్టి గుండీలు, పూసలు, పొడుగాటి తాళ్లు ఏవీ వద్దు. జిప్పు పట్టుకుని లాగే ముక్క గట్టిగా ఉందో లేదో మీరే లాగి చూడండి.

ఈ కుట్లన్నీ విప్పితే విడిపోయేవే. ఎప్పుడైనా జిప్పు తీసేస్తే బొంత ఉన్నదున్నట్టు మళ్లీ బొంతే. ఈ మాట మీ అత్తగారికి చెప్పండి. ఆ పంచె మీద కత్తెర పడదన్న భరోసా ఆవిడకు కావాలి.

ఇందులో పాప చేయగలిగింది చాలానే ఉంది. ఈ మధ్య ఆవిడకు చూపు ఆనడం లేదని రాశారు, సూదిలో దారం ఎక్కించే పని పాపది. రెండో పక్క మూసే కుట్టు, రెండంచులూ కలిపి సూదితో చుట్టుకుంటూ పోయేది, ఏడేళ్ల పిల్ల పెద్ద సూదితో నేర్చుకోగలదు. వంకరగా వస్తుంది, రానివ్వండి, విప్పి మళ్లీ కుట్టకండి. చుట్టి కుక్కడానికి సంచి ఏదని పేచీ పెడితే పాడైన గొడుగు గుడ్డ ఉంటుంది చూడండి, దానితో చిన్న సంచీ కుట్టుకోవచ్చు. బొంతను చుట్టి అందులో కుక్కుకుంటుంది. ఆ గుడ్డ అంచులు పీచులు లేస్తాయి కనుక మడిచి కుట్టాలి. ఆ హెమ్మింగ్ మీకు వచ్చుగా, ఆ సంచీ మీరు కుట్టండి.

ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. "అది అలాగే ఉండనీలే" అనవచ్చు. అప్పుడు బతిమాలకండి. మామగారి పంచెను దాచుకునే హక్కు ఆవిడకుంది. వేరే బట్టతో కొత్తది కుడదామని, పొరలు ఎలా పేర్చాలో చెప్పమని అడగండి. పన్నెండు అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు బొంత ఒకటి నిలువుగా మడిస్తే ఈ బొమ్మకు సరిపోతుంది. పాత టవల్ ముక్క లోపల పెట్టినా చాలు. మొదటిసారి అడిగినప్పుడు లేచి వెళ్లిపోయినా కంగారుపడకండి, ఆవిడకు కాస్త సమయం ఇవ్వండి.

ఆడపడుచు ఫోనుకు మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. వాళ్ల అక్కాతమ్ముళ్ల మధ్య మీవారే మాట్లాడాలి. "అమ్మతో మేం మాట్లాడుతున్నాం" అని ఒక్క మాట చెప్పమనండి. నాన్న పంచె ఆ బొంతలో ఉందన్న సంగతి తనకు తెలుసో లేదో కూడా మీవారిని అడగండి. తెలియకే ఆర్డర్ పెట్టి పారెయ్ అని ఉంటారు.

చివరగా టిఫిన్ బాక్సు, జడ, బాబు స్నానం సంగతి. ఇది బొమ్మ గొడవ కన్నా పాతది, దీన్ని వేరేగా మాట్లాడాలి. అన్నీ ఒకేసారి ఎత్తితే ఆవిడకు తనను పక్కన పెడుతున్నారనే వినిపిస్తుంది. ఊరు, ఇల్లు, మనిషి, అన్నీ పోయి వచ్చిన ఆవిడ చేతులకు పని కావాలి. అది కాదనలేం. మీకు నిజంగా కావలసిన పని ఒకటి ఎంచుకోండి. పొద్దున పాప జడ మీరే వెయ్యాలనుకుంటే, "రేపట్నుంచి జడ నేను వేస్తానత్తయ్యా, నాకు దానితో గడిపే సమయం అదొక్కటే" అని చెప్పండి. ఆవిడే చేస్తే మీకు హాయిగా ఉండే పని కూడా ఒకటి ఉండే ఉంటుంది, అదేమిటో కూడా నోరారా చెప్పండి. ఆవిడ మొదట్లో ముఖం మాడ్చుకోవచ్చు. అలవాటుగా దువ్వెన అందుకోనూ వచ్చు. అప్పుడు విసుక్కోకుండా మళ్లీ అదే మాట చెప్పి జడ మీరే వెయ్యండి. ఇది మాట్లాడే రోజు బొంత ప్రస్తావన మాత్రం తేవద్దు.